పని లేని నెలలలో ట్రాక్టరు బ్యాటరీ సంరక్షణము

పని లేని దినములలో ఎద్దునకు మేత మానిపించు కర్షకుడు లేడు. వేసవిలో మేపిన మేతయే తొలకరిలో బలమగునని మన పెద్దలందరు నెరుగుదురు. ట్రాక్టరు విషయమున మాత్రము మనలో పెక్కుమంది వేరుగా తలంచుచున్నారు. బండి పాకలో నిలిచినది గనుక దానికేమియు నక్కరలేదని తాళపుచెవిని మేకునకు తగిలించి మరచుచున్నారు. ఇంజను విషయమున నిది కొంతవరకు చెల్లును. బ్యాటరీ విషయమున చెల్లదు. ఇంజను ఆగినప్పుడు నిజముగా ఆగును. బ్యాటరీలోని రసాయన క్రియ రాత్రింబవళ్లు జరుగుచునే యుండును. బండి నిలిచినను బ్యాటరీ నిలువదు అను నొక్క మాట గ్రహించినచో ఈ పాఠములోని తక్కిన దంతయు దానినుండియే తెలియును.

మన ప్రాంతమున దీని యావశ్యకత

జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి చేలలో బుడ్డశనగ ప్రధానమైన రబీ పైరు. నూర్పిడి ముగిసిన పిదప ట్రాక్టరునకు పని తగ్గును. వేసవి దుక్కులు దున్నించువారిని విడిచినచో, అనేకుల బండ్లు తొలకరి వరకు కదలవు. ప్రొద్దుటూరు వైపున కె.సి. కాలువ ఆయకట్టులో కాలువ కట్టిన దినము మొదలు మరల నీరు విడుచువరకు ఇట్టి విరామమే కలుగును. పులివెందుల ప్రాంతమున అరటి, చీనీ తోటలు కలవారి బండ్లు ఏడాది పొడుగునను తిరుగును గాని, మెట్టలో వేరుశనగ వేయువారి బండ్లు వానకై కాచుకొనియే యుండును.

ఈ విరామము చలికాలమున వచ్చినచో నష్టము స్వల్పమే. మనకు వచ్చునది మండువేసవిలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత పుట్టిన సీమ మనది. ఏప్రిల్, మే మాసములలో నీడపట్టుననే వేడిమి 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటును. రేకుల పాకలో నింకను హెచ్చును. బ్యాటరీకి ఇంతకు మించిన శత్రువు లేదు.

ఇక వాన పడిన తరువాతి సంగతి. ఎర్రనేలలో పదును ఎన్ని దినములుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ పదునులోనే దున్నవలెను, ఆ పదునులోనే విత్తవలెను. ఆ ఉదయమున తాళము త్రిప్పగా సెల్ఫ్ 'టక్కు' మని యూరకున్నచో, మెకానిక్కు కొరకు ఒక పూట, బ్యాటరీని పట్టణమునకు మోసికొనిపోవుటకు మరియొక పూట, ఛార్జింగునకు రాత్రియంతయు గడచును. ఊరిలోని బండ్లన్నియు నాడే పనిలో నుండుటచేత బాడుగకు వేరొకటి దొరకదు. కోల్పోయినది బ్యాటరీ వెల మాత్రమే గాదు, పదును.

బ్యాటరీ లోపల నున్నదేమి

సీసపు పలకలును గంధకామ్లమును గల ఈ తరహా బ్యాటరీని ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో నిర్మించెను. నేటికిని మన బండ్లలో నున్నది ఆ వంశములోనిదే. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది యించుమించు 2.1 వోల్టుల నిచ్చును. ప్రతి గదిలోను రెండు విధములైన పలకలు కలవు: ఒకటి సీసపు ఆక్సైడు, రెండవది మెత్తని సీసము. వీని నడుమ నీటితో కలిసిన గంధకామ్లముండును.

బ్యాటరీ కరెంటు నిచ్చునప్పుడు ఆమ్లములోని సారము పలకలను చేరి, రెండు పలకలపైనను సీసపు సల్ఫేటు అను తెల్లని పదార్థమేర్పడును; గదిలోని ద్రవము నీరుగా పలుచబడును. ఛార్జి చేసినప్పుడు ఇదంతయు వెనుకకు మరలి, సల్ఫేటు కరగి, ఆమ్లము మునుపటివలె చిక్కబడును. అందుచేతనే ద్రవము చిక్కదనమును కొలిచి బ్యాటరీ బలమును తెలిసికొనవచ్చును. ఆ సాధనమునకు హైడ్రోమీటరని పేరు. అది 1.265 మొదలు 1.280 వరకు చూపినచో నిండు ఛార్జి, 1.190 చూపినచో సగము, 1.120 చూపినచో బ్యాటరీ వట్టిపోయినట్లు.

మూతలు తీయరాని బ్యాటరీలకు వోల్టు మీటరు వాడవలెను. బండి ఆపిన పిదప కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చి కొలిచినప్పుడు 12.6 వోల్టులు గాని అంతకు మించి గాని యున్నచో నిండుగా నున్నది. 12.4 ముప్పాతిక, 12.2 సగము, 12.0 పాతిక. 'పన్నెండు వోల్టుల బ్యాటరీ పన్నెండు చూపుచున్నది, చాలును' అని తృప్తి పడువారు కలరు. అది ముప్పాతిక వంతు ఖాళీ యైన బ్యాటరీ యని గ్రహింపవలెను.

ఊరక నిలిచినప్పుడు జరుగు నష్టము

తీగ లన్నియు విప్పి విడిగా నుంచినను బ్యాటరీ తనలో తానే కొంచెము కొంచెముగా తరుగుచుండును. వేడిమి ప్రతి 10 డిగ్రీలు హెచ్చినప్పుడు ఈ తరుగుదల యించుమించు రెండింతలగును. 20 డిగ్రీల చల్లని గదిలో నాలుగు నెలలలో జరుగు తరుగు, మన వేసవిలో 40 డిగ్రీలకడ నొక్క నెలలోనే జరుగునన్న మాట.

తరిగిన బలమును మరల నింపవచ్చును గదా యని యడుగవచ్చును. వెంటనే నింపినచో నిజమే. ఆలస్యమైనచో కాదు. పలకలపై క్రొత్తగా నేర్పడిన సల్ఫేటు మెత్తని పొడివంటిది. పంచదార పొడి నీటిలో వెంటనే కరగును. అదియే పటికబెల్లపు గడ్డగా కట్టినచో ఎంత కలిపినను త్వరగా కరగదు. అట్లే ఖాళీ బ్యాటరీని వారముల తరబడి విడిచినచో సల్ఫేటు గట్టి స్ఫటికములుగా పేరుకొని, ఛార్జికి లొంగక పలకలను మూసివేయును. అప్పుడది ఛార్జరుపై త్వరలో నిండినట్లు కనిపించును. సెల్ఫ్ కొట్టగానే చతికిలబడును. చాలవరకు బ్యాటరీలు వాడుటచేత గాక, ఇట్లు ఖాళీగా పడియుండుటచేతనే అకాల మరణము చెందుచున్నవి.

తీగలు విప్పకుండ నుంచిన కార్లలో మరియొక తరుగుదల కలదు. ఈ కాలపు కారులో తాళము తీసిన తరువాతను గడియారము, దొంగల హెచ్చరిక గంట, కంప్యూటరు కొద్దిపాటి కరెంటు త్రాగుచునే యుండును. అది ఆంపియరులో ఇరువదవ వంతు అనుకొందము. దినమునకు 1.2 ఆంపియరు-గంటలు, నెలకు 36. చిన్న కారు బ్యాటరీ యంతయు నించుమించు అంతే! కువైటునకో, బెంగుళూరునకో పోయిన కుమారుల కార్లు ఇంటిముందు నెలల తరబడి నిలిచి, పండుగకు వారు వచ్చినప్పుడు కదలకుండుటకు కారణమిదియే. 2020 మార్చి 25 మొదలు దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు ఈ పాఠము పట్టణవాసులకును అనుభవమునకు వచ్చెను.

టెర్మినళ్లపై చిలుము

బ్యాటరీ టెర్మినళ్లపై తెల్లగను, నీలిపచ్చగను పొంగిన బూజువంటి పదార్థమును మీరందరు చూచియుందురు. తెల్లనిది సీసపు సల్ఫేటు. నీలిపచ్చనిది రాగి సల్ఫేటు, అనగా చీనీ తోటల రైతులు బోర్డో మిశ్రమములో వాడు మైలుతుత్తమే. మూతల సందులనుండి వెలువడిన ఆమ్లపు ఆవిరి క్లాంపులోని సీసమును, తీగ కొననున్న రాగిని తినుటచేత నివి పుట్టును. నీరు అతిగా పోయుట, ఛార్జి హెచ్చుట, క్లాంపు వదులగుట, టెర్మినల్ మొదట చీలుట దీనికి కారణములు.

ఇది కంటికి అసహ్యము మాత్రమే యని యుపేక్షింపరాదు. సెల్ఫ్ మోటారు కొన్ని వందల ఆంపియర్ల కరెంటును లాగును. చిలుము వలన ఓములో నూరవ వంతు అడ్డు మాత్రమే కలిగినను, 200 ఆంపియర్లకడ 2 వోల్టులు ఆ చిలుములోనే నశించును. లోపల బలముండియు సెల్ఫ్‌నకు చేరదు. రైతు బ్యాటరీ పోయినదని తలంచి వేల రూపాయలు పెట్టి క్రొత్తది కొనును. క్రొత్తదానిని బిగించుటకై మెకానిక్కు క్లాంపులు గీకును గనుక బండి కదలును. కీర్తి క్రొత్త బ్యాటరీకి దక్కును. అందుచేత క్రొత్తది కొనుటకు ముందు పాతదాని క్లాంపులు శుభ్రము చేసి, నిండుగ ఛార్జి చేసి, మరల పరీక్షింపవలెను.

అంతియే గాక బ్యాటరీ పైభాగమున దుమ్మును, ఆమ్లపు తడియు చేరినచో అవి రెండు టెర్మినళ్ల నడుమ సన్నని దారిగా నేర్పడి బలమును నిరంతరము కారిపోనిచ్చును.

శుభ్రపరచు విధము

1. ఇంజను ఆపి తాళము తీయవలెను. చేతి కడియము, ఉంగరము, గడియారము తీసివేయవలెను. స్పానరుతో గాని కడియముతో గాని రెండు టెర్మినళ్లు కలిసినచో నిప్పులు చిమ్మి చేయి కాలును.

2. మొదట మైనస్ తీగను విప్పవలెను, తరువాత ప్లస్. మైనస్ తీగ బండి యినుముతో కలిసియుండును గనుక, ముందుగా ప్లస్ విప్పునప్పుడు స్పానరు ఇనుమునకు తగిలినచో ప్రమాదము.

3. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో చెంచాడు వంటసోడా కలిపి, పాత బ్రష్షుతో చిలుముపై పూయవలెను. అది నురుగు గ్రక్కును. నురుగు ఆగువరకు మరల పూయవలెను. ఈ నీరు ఒక్క చుక్కయైనను గదుల లోనికి పోరాదు. సోడా లోపలి యామ్లమును చెరచును. కావున మూతలు గట్టిగా బిగించి యుండవలెను.

4. మంచినీటితో కడిగి, గుడ్డతో తుడిచి, టెర్మినల్‌ను క్లాంపు లోపలి భాగమును తీగ బ్రష్షుతోగాని గరుకు కాగితముతోగాని మెరయునట్లు రుద్దవలెను.

5. ముందుగా ప్లస్, చివర మైనస్ తగిలించి బిగింపవలెను. చేతితో త్రిప్పిన కదలరాదు. అట్లని సుత్తితో కొట్టరాదు.

6. బిగించిన పిమ్మట పైన వాసెలిన్ గాని గ్రీజు గాని పలుచగా పూయవలెను. బిగించుటకు ముందు లోపల దట్టముగా పూయుట సరికాదు.

నీరు

గదులలో పలకలు ఎల్లప్పుడు మునిగియుండవలెను. మూతలు తీయదగిన బ్యాటరీలలో వేసవి యందు పదునైదు దినముల కొకసారి చూడవలెను. తగ్గినచో శుద్ధిచేసిన బ్యాటరీ నీటినే గుర్తు వరకు పోయవలెను. మన బోరు నీటిని కాచిన పాత్రల యడుగున కట్టు తెల్లని పొరను చూడుడు. ఆ లవణములే పలకలను చెరచును. కాచి చల్లార్చినను లవణములు పోవు. ఛార్జి చేయుటకు ముందు పలకలు మునుగునంత మాత్రమే పోసి, ఛార్జి ముగిసిన తరువాత గుర్తు వరకు నింపవలెను. ఛార్జిలో ద్రవము పొంగును గనుక ముందే నింపినచో పొర్లును. మూతలు లేని రకమును బలవంతముగ తెరువరాదు.

బలము తగ్గినదని అంగడినుండి ఆమ్లము తెచ్చి పోయుట పెక్కు గ్రామములలో మేము చూచిన యాచారము. ఆవిరియై పోవునది నీరే గాని ఆమ్లము గాదు. బలము తగ్గిన బ్యాటరీకి కావలసినది ఛార్జి. ఆమ్లము పోసినచో హైడ్రోమీటరు మోసపోవును, పలకలు త్వరగా నశించును.

బండిని నిలుపునప్పుడు చేయవలసినవి

నెల మించి బండి కదలదని తెలిసినప్పుడు బ్యాటరీని విప్పి, శుభ్రపరచి, నిండుగ ఛార్జి చేసి, ఇంటిలో మిక్కిలి చల్లగానుండు చోట, గాలి యాడు మూలలో, పిల్లలకందకుండ చెక్కపై నుంచవలెను. సిమెంటు నేల బ్యాటరీ బలమును లాగునను మాట పూర్వపు పెట్టెలనుబట్టి పుట్టినది; నేటి ప్లాస్టిక్ పెట్టెలకది వర్తింపదు. చెక్క వలన శుభ్రతయే లాభము. విప్పుట సాధ్యము గానిచో మైనస్ తీగనైనను తీసియుంచవలెను. క్రొత్త కార్ల విషయమున ముందుగా కంపెనీ వారిచ్చిన పుస్తకమును చూడవలెను.

వేసవిలో నెలకొకసారి వోల్టులు కొలిచి, 12.4కు తగ్గినచో మరల ఛార్జి చేయవలెను. ఛార్జరు కరెంటు బ్యాటరీ సామర్థ్యములో పదియవ వంతుండుట మేలు. ట్రాక్టరు బ్యాటరీలు 75 మొదలు 100 ఆంపియరు-గంటల వరకు సామాన్యము గనుక 7 మొదలు 10 ఆంపియర్లు చాలును. తొందరకై హెచ్చు కరెంటుతో కాచిన బ్యాటరీ పలకలు వంగును.

వారమునకొకసారి బండిని కదలింపక అయిదు నిమిషములు నడిపిన చాలునని కొందరందురు. సెల్ఫ్ కొట్టుటలో పోయిన బలమే ఆ అయిదు నిమిషములలో తిరిగి రాకపోవచ్చును. ఇంజను కాగకమునుపే ఆపుటచే సైలెన్సరులో తేమ చేరును. నడిపినచో అరగంట తక్కువగాక పొలము వరకు పోయి రావలెను. లేనిచో తీగ విప్పి యుంచుటయే మేలు.

తక్కిన భాగములను గూర్చి సంక్షేపముగా: డీజిలు ట్యాంకు నిండుగ నుంచినచో లోపల తేమ పట్టదు. టైర్లలో గాలి సరిచూచి, ఎండ తగులకుండ కప్పవలెను. చేతిబ్రేకు బదులు చక్రములకు చెక్కలు ఒత్తిడి పెట్టవలెను. సైలెన్సరు మూతిని డబ్బాతో మూసి, నడుపుటకు ముందు తీయుట మరువరాదు. ఎలుకలు తీగల తొడుగును కొరుకును గనుక బండి ప్రక్కన కాయల బస్తాలు, మేత యుంచరాదు.

జాగ్రత్తలు

ఛార్జి అగునప్పుడు గదులనుండి హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో నూటికి 4 వంతులు చేరినప్పటినుండి అది నిప్పు రవ్వతో ప్రేలును. కావున ఛార్జింగు గదిలో బీడీ, చుట్ట, దీపము పనికిరావు. కిటికీలు తెరచి, ఛార్జరు ఆపిన తరువాతనే తీగలు తీయవలెను. ఆమ్లము కంటిలో పడినచో వెంటనే శుభ్రమైన నీటితో పదునైదు నిమిషములు తక్కువగాక కడిగి వైద్యుని చేరవలెను.

పాడైన బ్యాటరీని ఇంటివద్ద పగులగొట్టి సీసము కరగించుట మహాపాపము. సీసపు పొగయు దుమ్మును పిల్లల మెదడును చెరచును. 2001 నాటి నియమములును, వాని స్థానమున వచ్చిన 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములును పాత బ్యాటరీలు సక్రమమైన మార్గమున తిరిగి చేరుటకే ఏర్పడినవి. క్రొత్తది కొనునప్పుడు పాతదానిని అంగడివాని కిచ్చి వెల తగ్గించుకొనవచ్చును.

సంఘము చేయదగిన పని

ఒక హైడ్రోమీటరు, ఒక వోల్టు మీటరు, ఒక మంచి ఛార్జరు, కొన్ని డబ్బాల బ్యాటరీ నీరు - ఇవి ప్రతి రైతు కొననక్కరలేదు. సంఘ కార్యాలయమున నొక్క జత యున్నచో ఊరంతటికి సరిపోవును. బ్యాటరీ పెట్టెపై నంబరు వ్రాసి, ఒక పుస్తకములో తేదీ, వోల్టులు, పోసిన నీరు, ఛార్జి చేసిన దినము గుర్తించినచో, ఏ బ్యాటరీ బలహీనమగుచున్నదో తొలకరికి నెల ముందుగనే తెలియును. అప్పుడు మార్చుటకు వ్యవధి యుండును. బేరమాడుటకును వ్యవధి యుండును. వాన పడిన ఉదయమున ఈ రెండును ఉండవు. రోహిణి కార్తె ప్రవేశించుటకు ముందే ఊరిలోని బ్యాటరీల నన్నిటిని ఒక దినము సంఘమునకు తెచ్చి పరీక్షింపవలెనని మా సలహా.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ బ్యాటరీ యిప్పుడు ఎన్ని వోల్టులు చూపుచున్నది? అది ఎన్నవ వంతు నిండియున్నది?

2. క్లాంపులు విప్పునప్పుడు ముందుగా దేనిని విప్పవలెను, ఎందుచేత?

3. బలము తగ్గిన బ్యాటరీలో ఆమ్లము పోయుట వలన కలుగు నష్టమేమి?

4. చల్లని గదిలో నాలుగు నెలలు నిలుచు బలము మన వేసవిలో ఎన్ని దినములు నిలుచును?

5. పోయిన తొలకరిలో మన ఊరిలో బ్యాటరీ వలన ఎన్ని బండ్లు, ఎన్ని పూటలు నిలిచినవి? ఆ పూటలలో ఎన్ని ఎకరముల పదును ఆరిపోయినది?